మాంత్రికుడి వంతు

సకల జనుల సమ్మె మొదలై పదిరోజులు తిరిగేసరికి సిద్దిపేటలో మగవాళ్ళు కాలుగాలిన పిల్లుల్లా తయారయ్యారు. బడులకు తాళాలు, ఆఫీసులకు తాళాలు, బస్సులు డిపో గేటు దాటవు. పొద్దున ధర్నా, సాయంత్రం ఊరేగింపు, ఆ రెండింటి నడుమ ఏం చేయాలో ఎవరికీ పాలుపోదు. టీవీ ముందు కూర్చుందామంటే కరెంటు ఉండదు. తెలంగాణ ఇవాళ ప్రకటిస్తారట అని ఒకడు వస్తాడు, కాదు దసరాకట అని ఇంకొకడు వస్తాడు, ఇద్దరూ కలిసి మూడో ఇంటికి పోయి అక్కడ చాయ్ తాగి వస్తారు. ఉద్యమం గొప్పదే, ఎవరు కాదంటారు. కానీ ఖాళీగా కూర్చోవడం ఎంత కష్టమో ఆ మగవాళ్ళకు ఆ నెలలోనే తెలిసింది.

ఆడవాళ్ళకు ఆ కష్టం రాలేదు. పొయ్యికి సమ్మె లేదు కదా.

హీబాకైతే ఉన్న పని మూడింతలైంది. ఆమె తండ్రి హనీఫ్‌ది టైలర్ షాపు. ముందు గదిలో కటింగ్ టేబుల్, వెనక గదిలో రెండు మిషన్లు, మధ్యలో ఒక పరదా. సమ్మెతో ప్యాంట్లూ చొక్కాలూ కుట్టించుకునేవాళ్ళు రాలేదు గానీ, ఉద్యమ కమిటీకి జెండాలూ నల్ల బ్యాడ్జీలూ వందల్లో కావాల్సి వచ్చాయి. ఇంటర్ పాసయ్యి రెండేళ్ళుగా ఇంట్లోనే ఉన్న హీబా పొద్దున లేచింది మొదలు పరదా వెనక కూర్చుని జెండాల అంచులు మడిచి కుట్టేది. పరదా అవతల ఆమె అన్న అక్రమ్, అతని స్నేహితులు ఆట ఆడుకునేవాళ్ళు.

ఆ ఆట తెచ్చింది పక్కింటి సుధాకర్. హైదరాబాదులో ఇంజినీరింగ్ చదివే అతను హాస్టల్ మూసేయడంతో లారీ పట్టుకుని ఊరికి వచ్చాడు. వస్తూ వస్తూ ఒక ఇంగ్లీషు పుస్తకం జిరాక్సు, సంచి నిండా ఇరవై ముఖాల దాకా ఉన్న రకరకాల పాచికలు తెచ్చాడు. ఆట చూడ్డానికి పిచ్చిగా ఉంటుంది, ఆడితే వదలదు. ఒక్కొక్కరు కాగితం మీద ఒక్కో మనిషిని రాసుకోవాలి. వాడి బలమెంత, వాడి దగ్గర ఏమున్నాయి, వాడికేం వచ్చు, అన్నీ. సుధాకర్ కథ చెప్తాడు, మిగతావాళ్ళు తమ మనిషి ఏం చేస్తాడో చెప్తారు, అది జరిగిందా లేదా పాచిక చెప్తుంది. కొట్లాట వచ్చినప్పుడు కటింగ్ టేబుల్ మీద టైలర్ సుద్దతో గడులు గీసి, మనుషులకు బదులు గుండీలు పెట్టేవాళ్ళు.

ఇత్తడి గుండీ అక్రమ్‌ది. తహసీల్ ఆఫీసులో కాంట్రాక్టు మీద కంప్యూటర్ ముందు కూర్చునే అక్రమ్, ఆటలో కత్తి వీరుడు. తెల్ల గుండీ భూమయ్య సారుది. సర్కారు బడిలో లెక్కలు చెప్పే ఆయనకు యాభై ఏళ్ళు. సమ్మెలో ఉన్నాడు, ఇంట్లో ఉంటే భార్య కూరగాయలు కోయమంటుందని ఇక్కడికి వచ్చేవాడు. ఆటలో ఆయన వైద్యుడు. నీలం గుండీ కార్తీక్‌ది. డిగ్రీ చదివే కార్తీక్ ఊరేగింపులో అందరికంటే ముందుంటాడు, నినాదం అందరికంటే గట్టిగా ఇస్తాడు, మధ్యాహ్నానికల్లా గొంతు పోగొట్టుకుని ఇక్కడికి వచ్చి కూర్చుంటాడు. అతను మాంత్రికుడు.

ఆటలో వంతు వచ్చినప్పుడు ఎవరికైనా మూడు దక్కుతాయి. ఒక పెద్ద పని, ఒక చిన్న పని, ఆరు గడుల నడక. ఇవి కాక మాంత్రికుడికి ఇంకొకటి ఉంది. ఇతరుల వంతులో కూడా ఒక్కసారి మంత్రంతో ఒక దెబ్బను ఆపవచ్చు. దానికి వాళ్ళు అడ్డు అని పేరు పెట్టుకున్నారు. కార్తీక్ ఈ నాలుగింటిలో పెద్ద పని తప్ప మరొకటి చేసింది లేదు. వంతు వచ్చిందంటే చాలు, అగ్గి అంటాడు. నిప్పు ముద్ద పడుతుంది, అందరూ కేకలు వేస్తారు, వాడు వెనక్కి వాలి కాళ్ళు చాపుకుంటాడు. ఆటలో గడిచే ఒక్కో రోజుకు మూడు అగ్గులు. మూడూ మొదటి మూడు వంతుల్లో అయిపోతాయి. ఆ తర్వాత మాంత్రికుడు గోడకు ఆనుకుని నిలబడతాడు. అయ్యో అది కాదు, ఇంకొకటి చేద్దామనుకున్నా అని మాట మార్చడం కూడా కార్తీక్‌కే అలవాటు. వాడి బాధ పడలేక మిగతావాళ్ళు ఒక నియమం పెట్టారు. నోట మాట దాటిందంటే దాటినట్టే, వెనక్కి తీసుకునేది లేదు.

పరదా వెనక హీబా ఇదంతా వింటూ కుట్టేది. మొదటిరోజు కార్తీక్ తన కాగితం పైకి చదివినప్పుడే ఆమెకు మొత్తం బుర్రకెక్కింది. అగ్గి ఒక్కటే కాదు, కింద చిన్న అక్షరాల్లో ఇంకా ఉన్నాయి. నేల మీద నూనె పోయడం, మబ్బు కప్పడం, అయిదు సేర్ల బరువు లాగగల కనబడని చెయ్యి. కార్తీక్ వాటిని చదివి మరిచిపోయాడు. హీబా మరిచిపోలేదు. వాడు అగ్గి అన్నప్పుడల్లా ఆమె కాలు మిషన్ మీద ఆగిపోయేది. ఇంకా నడక ఉంది కదా, ఆ స్తంభం చాటుకు పోవచ్చు కదా, చిన్న పని వట్టిగా పోతోంది కదా అని లోపల లోపలే కొట్టుకునేది. బిచ్చగాడికి వేసినట్టు వంతులు పారేస్తున్నాడని వాడి మీద ఆమెకు నిజంగానే కోపం వచ్చేది. కత్తిరించగా మిగిలిన గుడ్డ మీద తనూ గడులు గీసుకుంది, తనూ గుండీలు పెట్టుకుంది. సుధాకర్ చెప్పింది విని గుండీలు జరిపేది. ఆటలోకి రావద్దని ఆమెను ఎవరూ అనలేదు. రమ్మని కూడా ఎవరూ అనలేదు. పదిహేను రోజుల్లో ఒక్కరికి కూడా ఆ ఆలోచన రాలేదు చూడండి, అదే ఆమెను ఎక్కువ కాల్చింది.

అట్లా ఉండగా ఆటలో వాళ్ళు గుట్ట కింద ఉన్న గడీలోకి, దొర కోటలోకి దిగారు. గడీకి కాపలా ఒక రాతి దొర, వాడికి మూడు కుక్కలు. దొరకు కోటు గుండీ, నల్లది, అన్నిటికంటే పెద్దది. కార్తీక్ ఎప్పటిలాగే మూడు అగ్గులూ వేశాడు. ఒక కుక్క చచ్చింది, దొర మాత్రం చెక్కుచెదరలేదు. అంతలో బయట డప్పులు వినబడ్డాయి. మద్దూరులో రోడ్డు మీదే వండుకుని తినే వంటావార్పు నిరసన ఉందని పిల్లగాండ్లు ట్రాక్టర్ ఎక్కి పోతున్నారు. కార్తీక్ ఆట మధ్యలోనే లేచి ఆ ట్రాక్టర్ ఎక్కాడు. తిరిగి రావడానికి బస్సు ఉండదన్న సంగతి వాడికి మద్దూరులో దిగాక గుర్తొచ్చింది.

రెండు రోజులు గుండీలు అట్లాగే ఉన్నాయి. సుద్ద గీతల మీద ఎవరూ చెయ్యి పెట్టకుండా హనీఫ్‌ను కూడా వెనక గదిలో నేల మీద బట్ట కత్తిరించుకోమన్నారు. అక్రమ్ గదిలో అటూ ఇటూ తిరిగాడు. ఫోను చేస్తే కార్తీక్ బంధువుల ఇంట్లో కోడికూర తింటున్నానని చెప్పాడు. మాంత్రికుడు లేకుండా ఆడితే చస్తారని సుధాకర్, ఉన్నా వాడి దగ్గర అగ్గి లేదు కదా అని అక్రమ్. మూడో రోజు మధ్యాహ్నం పరదా తొలగించుకుని హీబా బయటికి వచ్చింది.

"మాంత్రికుని వంతు నేను ఆడుత" అంది.

అక్రమ్ ముందు నవ్వాడు, తర్వాత జెండాల సంగతి అడిగాడు. రెండు వందలూ కుట్టి మూట కట్టానని ఆమె చెప్పింది. నిజమే, అందుకోసం ఆమె తెల్లవారుజాము ఫజర్ నమాజు కాగానే మిషన్ మీద కూర్చుంది. అక్రమ్‌కు వేరే సాకు దొరకలేదు. ఆడపిల్ల రాతి దొరతో ఏం కొట్లాడుతుందని గొణిగాడు. భూమయ్య సారు అడ్డం వచ్చి, మన ముగ్గురిలో రాతి దొరతో కొట్లాడినవాడు ఎవడున్నాడని అడిగాడు.

"సరే, ఇయ్యాల ఒక్కరోజే. కార్తీక్ వచ్చేదాక" అన్నాడు అక్రమ్.

"మంచిగ ఆడితే?"

"గప్పుడు చూద్దాం."

హీబా కార్తీక్ కుర్చీలో కూర్చుంది.  రెండు రోజులుగా ఆమె ఈ ఒక్క వంతు గురించే ఆలోచించింది. నిద్రలో కూడా ఆలోచించింది. ముందు పెద్ద పని: కుక్కలు వచ్చే సందులో నూనె. కుక్కలు ఏ సందులో ఉన్నాయో ఆమె గుడ్డ మీద చూసి చూసి ఉంది. బల్ల వైపు సరిగా చూడకుండానే, చదివి పెట్టుకున్న పాఠం అప్పజెప్పినట్టు చెప్పేసింది.

"నూనె పోస్తున్న. పోచయ్య కొట్టు దిక్కు సందుల."

షాపుకు ఒక పక్క పోచయ్య కిరాణా కొట్టు, ఇంకో పక్క మసీదు. ఆ గల్లీలో దిక్కులు చెప్పుకునేది అట్లాగే. అందరూ పోచయ్య కొట్టు వైపు చూశారు. ఆ వైపు సందులో ఉన్నది కుక్కలు కాదు, ఇత్తడి గుండీ.

జరిగింది ఇది. సుధాకర్ ఎప్పుడూ పరదాకు వీపు పెట్టి కూర్చుంటాడు, ఆడేవాళ్ళు అతనికి ఎదురుగా. ఎడమ అన్నా కుడి అన్నా అతను ఆడేవాళ్ళ ఎడమ, ఆడేవాళ్ళ కుడి చెప్పేవాడు. అతని వీపు వెనక కూర్చుని విన్న హీబా దాన్ని తన ఎడమ, తన కుడి అనుకుంది. పదిహేను రోజులుగా ఆమె గుడ్డ మీద గడీ మొత్తం తిరగబడి ఉంది, ఆమెకు తెలియదు. పరదా వెనక కూర్చుని ఆట నేర్చుకున్న మనిషి తప్ప ఇంకెవరూ చేయలేని తప్పు అది.

 హీబా తప్పు చెప్పానని అనబోయి నోరు మూసుకుంది. నియమం ఆమెకు వాళ్ళకంటే బాగా తెలుసు. సుధాకర్ జాలిగా ముఖం పెట్టి అక్రమ్‌ను పాచిక వేయమన్నాడు. మూడు పడింది. కత్తి వీరుడు నూనెలో వెల్లకిలా పడ్డాడు.

"లే హీబా. లోపలికి పో" అన్నాడు అక్రమ్. కోపం కూడా లేదు గొంతులో, అదే ఆమెకు ఎక్కువ బాధ కలిగించింది.

భూమయ్య సారు కళ్ళద్దాలు సర్దుకుని, పిల్ల వంతు ఇంకా అయిపోలేదు అన్నాడు.

అయిపోలేదు. పెద్ద పని పోయింది, చిన్న పని ఉంది, ఆరు గడుల నడక ఉంది. హీబా మొదటిసారి బల్లను సరిగా చూసింది. గుడ్డను మరిచిపో, ఇదీ గడీ అని తనకు తాను చెప్పుకుంది. మసీదు దిక్కు సందులోంచి రెండు కుక్కలు వస్తాయి. కింద పడ్డ అన్న మీదికే దూకుతాయి. అన్న లేవాలంటే అతని వంతు రావాలి, అప్పటికి కుక్కలు వచ్చేస్తాయి.

కనబడని చెయ్యి అన్నను లాగగలదా అని ఆమె అడిగింది. అయిదు సేర్ల బలంతో మనిషిని ఎట్లా లాగుతావని సుధాకర్ తల అడ్డంగా ఊపాడు.

"కింద నూనె ఉన్నది గద అన్నా. నూనెల పడ్డోన్ని గుంజనీకి బలమెందుకు?"

సుధాకర్ పుస్తకం తెరిచాడు. నాలుగు పేజీలు తిప్పాడు, మళ్ళీ వెనక్కి తిప్పాడు. పుస్తకంలో కాదని లేదు. సరే, ఎనిమిది దాటితే అన్నాడు. పద్నాలుగు పడింది. ఇత్తడి గుండీ నాలుగు గడులు జారి తెల్ల గుండీ కాళ్ళ దగ్గర ఆగింది. ఆ తర్వాత ఆమె నీలం గుండీని స్తంభం చాటుకు నడిపించి చెయ్యి తీసింది. వంతులో దక్కిన మూడింటిలో ఒక్కటి కూడా మిగల్చలేదు.

కుక్కల వంతు వచ్చింది. అవి అక్రమ్ కోసం ఆ సందులోకే దూకి నూనెలో పడి పల్టీలు కొట్టాయి. దొర కోపంతో ఒక బండరాయి ఎత్తి వైద్యుడి మీదికి విసిరాడు. హీబా అడ్డు అంది. మాంత్రికుడి అడ్డు పక్కవాడికి కూడా పనికొస్తుందని పదిహేను రోజులుగా ఎవరూ అనుకోలేదు. రాయి గాలిలోనే పక్కకు తిరిగిపోయింది.

రెండో చుట్టులో అక్రమ్ లేచి, నూనెలో కాళ్ళు నిలవని కుక్కలను రెంటినీ నరికాడు. హీబా దొర మీద మబ్బు కప్పింది. ఆ మబ్బును మాంత్రికుడు మనసులో పట్టి ఉంచుకోవాలి, దెబ్బ తగిలి పట్టు సడలితే విడిపోతుంది. కాబట్టి ఆమె ప్రతి వంతులో నడకంతా వాడుకుని దొరకు అందకుండా జరిగింది, చిన్న పనితో కనబడని చేతి చేత దొర వెనక గోడ మీద టకటకా కొట్టించింది. గుడ్డివాడైన దొర గోడ వైపు తిరిగి గుద్దాడు. ఒక్కసారి మాత్రం వాడి చెయ్యి నీలం గుండీకి తగిలింది. పట్టు నిలవాలంటే పది దాటాలన్నాడు సుధాకర్. పాచిక బల్ల అంచు దాకా దొర్లి పన్నెండు దగ్గర ఆగింది. 

నాలుగో చుట్టులో అక్రమ్ దొర వీపు మీదికి ఎక్కి మెడ నరికాడు. గది గదంతా అరుపులు. పోచయ్య కొట్లోంచి ఎవరో వచ్చి తెలంగాణ ప్రకటించారా అని అడిగారు.

కొట్లాట అయ్యాక ఎవరు ఎన్ని దెబ్బలు కొట్టారో చదవడం సుధాకర్‌కు అలవాటు, క్రికెట్‌లో స్కోరు చదివినట్టు. కత్తి వీరుడు యాభై రెండు. వైద్యుడు తొమ్మిది. మాంత్రికుడు సున్నా.

"చూసినవా, సున్నా" అన్నాడు అక్రమ్. దొరను చంపిన సంతోషంలో ఉన్నాడు కాబట్టి మంచిగానే చెప్పాడు. తప్పు నీది కాదు, అగ్గి అంతా కార్తీక్ ఖర్చు పెట్టిపోయాడు, వాడు రానీ, వాడు చూసుకుంటాడు అని చెల్లెలికి ఒక ఉస్మానియా బిస్కెట్ ఇచ్చాడు.  భూమయ్య సారు తన కాగితంలో రాసుకున్న మందుల లెక్క వైపు చూస్తూ కూర్చున్నాడు.

హీబా బిస్కెట్ పట్టుకుని లోపలికి పోయింది. తినలేదు. అన్న మీద కోపం కంటే తన మీద తనకే అనుమానం వచ్చింది, అది ఇంకా చెడ్డది. నిజంగానే తనేమీ చేయలేదా? దొర చచ్చింది అన్న కత్తితోనే కదా? మళ్ళీ మనసు మండేది. నూనె లేకుంటే, మబ్బు లేకుంటే, ఆ అడ్డు లేకుంటే ఆ కత్తి ఎత్తడానికి చెయ్యి ఉండేదా? ఈ మాట పైకి అందామంటే, తనను తాను పొగుడుకున్నట్టు ఉంటుంది. రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. మిషన్ దారం ఊరికే తెగింది.

కార్తీక్ ఎవరి బండి మీదో ఎక్కి వచ్చాడు, తన కుర్చీలో తాను కూర్చున్నాడు. దసరా అయిపోయింది. రోజులు గడిచేకొద్దీ ఊరేగింపుల్లో గొంతులు పలచబడ్డాయి. జీతాల్లేక ఇళ్ళల్లో సణుగుడు మొదలైంది. సమ్మె ఆపేస్తారట అన్న మాట ముందు చెవుల్లో, తర్వాత పైకే వినబడింది. ఏమీ రాకుండానే ఆపేస్తారా అని భూమయ్య సారు ఒకరోజు అడిగాడు. బస్సులు కదిలితే సుధాకర్ వెళ్ళిపోతాడు, పుస్తకమూ పోతుంది. ఆ లోపల గడీ చివరి గది తెరవాలని పట్టుపట్టారు. ఆ గదిలో ఒక ఇనుప పాము ఉంది.

ఆ మధ్యాహ్నం హీబా చేతిలో కుట్టాల్సిన నూట యాభై జెండాలున్నాయి. సాయంత్రం పెద్ద ఊరేగింపు, బహుశా చివరిది. మిషన్ తొక్కుతూనే వింటోంది. కార్తీక్ అగ్గి అన్నాడు, అగ్గి అన్నాడు, అగ్గి అన్నాడు. ఇనుము కాలి ఎర్రబడింది గానీ చావలేదు. వైద్యుడు ఉన్న మందులన్నీ రెండో చుట్టులోనే పోశాడు, మూడో చుట్టులో తానే పడ్డాడు, గుమ్మం పక్కన. నాలుగో చుట్టులో కత్తి వీరుడు పాము తోక దెబ్బకు గది మధ్యలో కుప్పకూలాడు. ఇంకో మూడు చుట్టుల్లో ఎవరూ లేపకపోతే చచ్చినట్టే. చచ్చినవాడి కాగితాన్ని చింపేయడం వాళ్ళ ఆటలో ఆనవాయితీ. కార్తీక్ వంతు వచ్చింది.  చాకు తీసి పాము మీదికి ఉరుకుతానన్నాడు.

"ఆగు, ఇంక అనకు" అని అక్రమ్ వాడి చెయ్యి పట్టుకున్నాడు. అని, తనకు తెలియకుండానే పరదా వైపు తిరిగాడు. "హీబా. ఇప్పుడేం చెయ్యాలె?"

మిషన్ ఆగింది. ఏం చెయ్యాలో ఆమెకు తెలుసు. వాళ్ళు గదిలోకి అడుగుపెట్టినప్పటి నుంచీ తెలుసు. ఈసారి గుడ్డ మీద గడులు తిప్పి గీసుకుంది, ఎడమ ఎడమగానే ఉంది. ఒక్క మాట చెప్తే చాలు, అన్న బతుకుతాడు, మళ్ళీ అందరూ కేకలు వేస్తారు, మళ్ళీ స్కోరు చదువుతారు. చెప్పకపోతే అన్న కాగితం చిరుగుతుంది. అన్న ఆ కాగితాన్ని ఎంత భద్రంగా దాచుకుంటాడో ఆమెకంటే ఎవరికి తెలుసు. మాట నాలుక చివర ఉంది. ఆమె పళ్ళు బిగబట్టింది.

"పరదా ఎనకకెల్లి చెప్ప భాయ్. కుర్చీ ఇస్తె వచ్చి ఆడుత."

కార్తీక్‌కు మండింది. మొన్న సున్నా తెచ్చినామెకు ఇప్పుడు కుర్చీ కావాలా అన్నాడు. అక్రమ్ సుధాకర్‌ను చూశాడు, సుధాకర్ పుస్తకాన్ని చూశాడు. అప్పుడు భూమయ్య సారు గొంతు సవరించుకున్నాడు. ఆ గొంతుకు ముప్పై ఏళ్ళుగా పిల్లలు తలెత్తడం అలవాటు.

"మొన్న ఆ పిల్ల ఆడిననాడు నేను ఒక్క మందు సీసా గూడ ఇప్పలేదు. నాకు పనే లేకుంటైంది. ఎందుకని మీరెవ్వరు అడగలే, నేను గూడ చెప్పలే. గది నా తప్పు" అన్నాడు. "ఇయ్యాల చూడున్రి. ఉన్నయన్ని పోసిన, అయినా సచ్చినం."

 కార్తీక్ తన కాగితం వైపు చూశాడు, కింద చిన్న అక్షరాల్లో రాసుకున్నవి అప్పుడే మొదటిసారి చదువుతున్నట్టు చూశాడు. వాడు మొండివాడే కానీ చెడ్డవాడు కాదు. లేచి నిలబడి, కుర్చీని కాలితో వెనక్కి నెట్టి, గోడ పక్కకు పోయాడు.

హీబా వచ్చి కూర్చుంది.  పెద్ద పని, మబ్బు. పాము మీద కాదు, తన చుట్టూ, అన్న చుట్టూ. నడక, ఆరు గడులు, అన్న దగ్గరికి. చిన్న పని, కనబడని చెయ్యి గది ఆ మూలన ఉన్న రాగి బిందెను దొర్లించాలి. మబ్బులో ఎవరూ కనబడక పాము చప్పుడు వైపు పోతుంది. అడ్డు చేతిలో ఉంచుకుంటాను. వచ్చే వంతులో అన్నను గుమ్మం దాకా ఈడుస్తాను, ఆ తర్వాతి వంతులో సారును కూడా తీసుకుని బయటపడతాం. తొణక్కుండా వరసగా చెప్పింది.

"మరి పాము?" అన్నాడు కార్తీక్ గోడ దగ్గరి నుంచి. "గింత దూరమొచ్చి వట్టిగ వాపస్ పోవుడా? ఓడినట్టే గద."

"పాము యాడికి పోతది? గీడనే ఉంటది" అంది హీబా. "మల్ల రానీకి మనం బతికుండాలె గద."

భూమయ్య సారు కిటికీ వైపు తల తిప్పుకున్నాడు. బయట గల్లీలో సాయంత్రం ఊరేగింపుకు మనుషులు చేరుతున్నారు, నలభై రోజుల కిందటి కేకలు లేవు. సుధాకర్ పాచిక ఆమె చేతికిచ్చాడు. బిందె దొర్లాలంటే ఏడు దాటాలన్నాడు. పదకొండు పడింది.

అప్పుడే వీధి గుమ్మంలోంచి హనీఫ్ గొంతు వినబడింది. కమిటీవాళ్ళు వచ్చి నిలబడ్డారు, ఇంకా ఎన్ని ఉన్నాయి, హీబా ఎక్కడుంది అని అడుగుతున్నాడు. లోపల నలభై జెండాలు అంచులు మడవకుండా పడి ఉన్నాయి. హీబా అలవాటుగా కుర్చీలోంచి సగం లేచింది. పదిహేడేళ్ళ వయసు నుంచీ ఆ పిలుపుకు లేవడమే ఆమెకు తెలుసు. వంతు మధ్యలో ఉందని, తను లేస్తే మళ్ళీ ఆ కుర్చీ తనది కాదని తెలుసు. అయినా కాళ్ళు లేచాయి.

అక్రమ్ ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు.

"చెల్లె ఆడుతుంది అబ్బా. నేనొస్తున్న" అని గుమ్మంలో ఉన్న తండ్రికి కేకేశాడు. ఆటలో ఎట్లాగూ తను తెలివి తప్పి పడి ఉన్నాడు కదా అని స్నేహితులతో అన్నాడు.

పరదా తొలగించుకుని లోపలికి పోయాడు. మిషన్ ముందు పీట చప్పుడైంది. దారం ఎక్కించడం రాక రెండుసార్లు తిట్టుకున్నాడు. తర్వాత మిషన్ వంకరటింకరగా నడవడం మొదలైంది, మధ్యలో ఆగింది, మళ్ళీ నడిచింది. హీబా ఆ చప్పుడు కొంచెంసేపు విన్నది. కళ్ళు తుడుచుకుని నీలం గుండీ మీద వేలు పెట్టింది.

"ఇప్పుడు పాము వంతు. కానీయ్ అన్నా" అంది సుధాకర్‌తో.